మూడేళ్ల పాఠకులకు ఆదివారం ఒక గంట ఇవ్వండి: విజయవాడ గ్రంథాలయాల బాధ్యులకు బహిరంగ లేఖ

విజయవాడ నగరంలో ప్రజా గ్రంథాలయాలను నడిపే అధికారులకు, గ్రంథపాలకులకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదువు చెప్పి రిటైరైన టీచర్ని. ఈ ఏడాది జనవరి నుంచి మా పేటలోని ఒక శాఖా గ్రంథాలయం వరండాలో పదకొండు ఆదివారాలు కథల గంట నడిపాను. మూడేళ్లు నిండి ఆరేళ్లు దాటని పిల్లలకు కథ చెప్పి, పాట పాడించి, ఆ కథకు సంబంధించిన బొమ్మ ఏదో ఒకటి వాళ్ల చేతే చేయించేదాన్ని. మొదటి వారం తొమ్మిది మంది వచ్చారు. పదకొండో వారానికి ముప్పై నాలుగు మంది అయ్యారు. పన్నెండో ఆదివారం చాప, పుస్తకాల సంచి పట్టుకుని వెళితే, ఇక పిల్లల్ని తీసుకురావద్దని గేటు దగ్గరే చెప్పారు.

ఏప్రిల్లో ఒక అర్జీ, మే నెలలో ఒకటి, జులైలో మరొకటి ఇచ్చాను. మూడింటికీ రసీదులున్నాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈ విషయం అందరి ముందూ పెడుతున్నాను.

ఆ శాఖ పేరు, అక్కడి ఉద్యోగి పేరు కావాలనే రాయడం లేదు. పొద్దున తాళం తీసేది ఆయనే, పేపర్లు సర్దేది ఆయనే, పుస్తకాలు రాసి ఇచ్చేది ఆయనే, సాయంత్రం లైట్లు ఆర్పేదీ ఆయనే. పిల్లల కార్యక్రమం గురించి పైనుంచి కాగితం మీద ఒక్క మాట లేనప్పుడు ఆయన మాత్రం ఎంత ధైర్యం చేయగలరు? నా ఫిర్యాదు ఆయన మీద కాదు. కాగితం మీద ఆ ఒక్క మాట లేకపోవడం మీద.

ఆ రోజు నాకు మూడు కారణాలు చెప్పారు. పిల్లల గోల వల్ల పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లకు ఇబ్బందిగా ఉందన్నారు. వరండా నేల మీద జిగురు, కాగితం ముక్కలు పడుతున్నాయన్నారు. బడికి కూడా పోని పిల్లలకు గ్రంథాలయంతో పనేమిటన్నారు.

మొదటి మాట నేను ఒప్పుకుంటాను. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివే పిల్లలు ఇంట్లో చోటు లేక, ఫ్యాన్ లేక అక్కడికి వస్తారు. వాళ్లలో ఇద్దరు ఒకప్పుడు నా దగ్గర ఒకటో తరగతి చదివినవాళ్లే. వాళ్ల నిశ్శబ్దం పాడు చేసే హక్కు నాకు లేదు. కానీ దానికి మందు వేళ మార్చడం, చోటు మార్చడం. అసలు రావద్దనడం కాదు. రెండో మాటకు చీపురు, తడిగుడ్డ చాలు, అవి ప్రతి వారం నాతోనే తెచ్చుకున్నాను. మూడో మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఈ లేఖ నిజానికి ఆ మూడో మాటకు జవాబు.

ఒక ఆదివారం ఏం జరిగిందో చెబితే కథల గంట అంటే ఏమిటో మీకు తెలుస్తుంది.

ఫిబ్రవరిలో ఒక వారం 'చేప' అనుకున్నాం. ఏడు చేపల కథ మన ఇళ్లలో తెలియనివారు ఉండరు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు, ఒకటి ఎండదు. చేపను అడిగితే గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద చెప్పుకుంటూ చీమ దాకా పోతారు. మూడేళ్ల పిల్లలకు ఇంతకంటే మంచి కథ దొరకదని నా అనుభవం. అడిగే తీరు ప్రతిసారీ ఒకటే కాబట్టి మూడో ప్రశ్నకల్లా పిల్లలే నాకంటే ముందు అడిగేస్తారు. జవాబు మాత్రం ప్రతిసారీ కొత్తది, అందుకని చెవులు అప్పగించి కూర్చుంటారు.

కథకు ముందే పాత న్యూస్ పేపర్‌తో చేపలు చేయించాను. బొటనవేలు రంగునీళ్లలో ముంచి పొలుసులు అద్దారు. ఏ చేపా ఇంకో చేపలా లేదు. ఒకదానికి మూడు కళ్లు కూడా ఉన్నాయి, అమ్మను వెతుక్కోవడానికట. వాటిలో ఏడు తడి చేపల్ని తాడుకు బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. ఆరు ఎండలో, ఏడోది ఒక గడ్డిమోపు వెనక నీడలో. తర్వాత కూర్చుని పాట పాడాం, కథ చెప్పుకున్నాం, చీమల్లా బారుగా వరండా చుట్టూ నడిచాం. అరగంట తర్వాత ఒక్కొక్కరూ వెళ్లి చేపల్ని ముట్టుకుని చూశారు. ఆరు చేపలు గలగలమన్నాయి. ఏడోది తడిగానే ఉంది.

నాలుగు వారాలుగా వాళ్ల నాయనమ్మ కొంగు వదలకుండా, నోరు విప్పకుండా కూర్చున్న ఒక పిల్లవాడు ఆ తడి చేపను పట్టుకుని, "గడ్డి అడ్డమొచ్చింది టీచర్" అన్నాడు. వాడి నోట నేను విన్న మొదటి వాక్యం అది. వాళ్ల నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. చదువు చెప్పిన ఇన్నేళ్లలో నేను చూసిన మంచి పాఠాల్లో అదొకటి. అది జరిగింది బడిలో కాదు, మీ వరండాలో.

క్రాఫ్ట్ అంటే పిల్లల్ని కాసేపు కుదురుగా కూర్చోబెట్టే పని అని చాలామంది అనుకుంటారు. నేనూ మొదటి వారం అలాగే మొదలుపెట్టాను. గాలిపటం థీమ్ పెట్టుకుని, ఫ్యాన్సీ షాపులో కత్తిరించి పెట్టిన రంగు కాగితాలు కొనుక్కొచ్చాను. అందరూ ఒకేలాంటి గాలిపటం అంటించి ఇంటికి తీసుకెళ్లారు. కథ ఏమిటని అడిగితే ఒక్కరికీ గుర్తులేదు. తప్పు అప్పుడు అర్థమైంది. చేసే బొమ్మ లేకపోతే కథ ముందుకు నడవకూడదు. చేప ఎండాలి కాబట్టి చేప చేయాలి. ఏనుగుకు చెవులు కావాలి కాబట్టి బాదం ఆకులు ఏరుకురావాలి. అప్పుడు బొమ్మ ఇంటికెళ్లాక కథను కూడా వెంట తీసుకెళుతుంది. సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వస్తే, ఆ కాగితం చేపను చూపిస్తూ పిల్ల మళ్లీ కథ మొత్తం చెబుతుంది. నాకు కావలసింది ఆ రెండోసారి చెప్పడమే.

దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లల తల్లిదండ్రులకు బొమ్మల పుస్తకం చదివే పద్ధతి నేర్పింది. చదువుకుంటూ పోవడం కాకుండా, మధ్యలో పిల్లల్ని అడగడం, వాళ్లు అన్న ముక్కను పెంచి తిరిగి చెప్పడం, అంతే. నెల రోజుల్లో ఆ పిల్లలు, మామూలుగా చదివి వినిపించిన పిల్లల కంటే మాటల్లో స్పష్టంగా ముందుకు వెళ్లారు. మన అమ్మమ్మలు ఏడు చేపల కథ చెప్పేది ఇలాగే కదా. ఆ అమ్మమ్మ ఊళ్లో ఉండి, మనవడు విజయవాడలో ఒకే గదిలో ఉంటే, ఆ గంట ఎవరు ఇవ్వాలి?

మన 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశ అంటోంది. పిల్లలు ఇష్టంగా చదివే పుస్తకాలు స్థానిక భాషల్లో బడి గ్రంథాలయాల్లోనూ, ప్రజా గ్రంథాలయాల్లోనూ ఉండాలని కూడా అదే చెబుతోంది. బడికి పోని పిల్లలకు గ్రంథాలయంతో పనేమిటన్న ప్రశ్నకు ప్రభుత్వమే కాగితం మీద ఇచ్చిన జవాబు ఇది.

కథల గంట ఆగిపోయాక ఎవరికి ఏం పోయిందో ఇప్పుడు చెబుతాను. ఇవి నా కళ్ల ముందు జరిగినవి.

1. ఆటో నడిపే ఒక తండ్రి ప్రతి ఆదివారం రెండు ట్రిప్పులు వదులుకుని కూతుర్ని తెచ్చేవాడు. అతనికి చదవడం అంతంత మాత్రం. వెనక కూర్చుని పుస్తకం పట్టుకుని, పాపతోపాటు బొమ్మల కింద అక్షరాలు కూడబలుక్కునేవాడు. ఎనిమిదో వారానికి ఒక పుస్తకం మొత్తం తనే ఆమెకు చదివి వినిపించాడు. ఇప్పుడు రోడ్డు మీద కనిపిస్తే, "మళ్లీ ఎప్పుడు టీచర్‌గారూ?" అని అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు.

2. బొమ్మల పుస్తకం ఖరీదు మనకు చిన్నగా కనిపిస్తుంది. రోజు కూలి మీద బతికే ఇంట్లో అది ఒక పూట కూర. అక్కడికి వచ్చిన పిల్లల్లో చాలామంది ఇళ్లలో పాఠ్యపుస్తకం తప్ప వేరే పుస్తకం లేదు, అదీ అక్కదో అన్నదో. ప్రైవేటు ప్లేస్కూల్లో స్టోరీ టైమ్ ఉంటుంది, ఫీజు కట్టగలిగినవాళ్లకు. కట్టలేనివాళ్లకు ఆ చోటు గ్రంథాలయమే కావాలి.

3. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చినప్పుడు నీళ్లలో రోజుల తరబడి ఉన్న ఇళ్ల పిల్లలు కూడా మా గంటకు వచ్చారు. ఒక వారం పడవ థీమ్ పెట్టుకుని కాగితం పడవలు చేయించాను. ఒక బాబు పడవ చేసి నీళ్లలో వదలనన్నాడు. "మా ఇంటిముందుకు నిజం పడవ వచ్చింది, అక్క పుస్తకాలు తడిసిపోయినాయి" అన్నాడు. నీళ్లంటే వాడికి ఇంకా భయం ఉందని నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. థీమ్ ఎంచుకునేటప్పుడు ఆ పేట పిల్లలు ఏం చూశారో తెలుసుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను. తర్వాతి రెండు వారాలు వాడు ఆ పడవలో పుస్తకాలు పెట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి ఆడుకున్నాడు. ఇంకా రెండు వారాలు దొరికి ఉంటే వాడు ఆ పడవను నీళ్లలో వదిలేవాడేమో.

4. తల్లులకు ఆదివారం ఆ ఒక్క గంట ఊపిరి తీసుకునే సమయం. ఇళ్లలో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు అక్కడే పరిచయమై, ఇప్పుడు ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకుంటున్నారు. దీన్ని మీ రిజిస్టర్‌లో ఏ గడిలో రాస్తారో నాకు తెలియదు. కానీ అది జరిగింది.

5. మొబైల్. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఈ ఊరి గ్రంథాలయాలకు ఒక చరిత్ర ఉంది. 1914లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది ఇక్కడే, బెజవాడ రామమోహన గ్రంథాలయంలో. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయ ఉద్యమానికి తన జీవితమే ఇచ్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాల్ని పడవకెక్కించి కృష్ణా కాలువ వెంట ఊరూరా తిప్పారు. పొలం పనుల్లో ఉండి గ్రంథాలయానికి రాలేని మనిషి దగ్గరికి గ్రంథాలయమే వెళ్లింది. నేను అంత దూరం అడగడం లేదు. తనంత తానే నడిచి గేటు దాకా వచ్చిన మూడేళ్ల పిల్లను లోపలికి రానివ్వమంటున్నాను.

డబ్బు లేదంటారేమో. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. సొంత ఇల్లు ఉన్నవాళ్లు నేరుగా కడతారు, అద్దెకు ఉన్నవాళ్లు అద్దెలో కడతారు. ఆ ఆటో తండ్రి కూడా కడుతున్నట్టే. స్థానిక సంస్థల నుంచి ఆ సొమ్ము మీకు వేళకు అందకపోతే, అది అడగడానికి మాలాంటివాళ్లం మీ వెంట వస్తాం. దానికి తోడు, 1972లో కోల్‌కతాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్‌కు పిల్లల విభాగాల కోసం సాయం చేసే పథకం ఉంది.

ఇక ఖర్చెంతో చెబుతాను. ఒక ఆదివారానికి నాకైంది 150 నుంచి 200 రూపాయలు. పాత పేపర్లు, అగ్గిపెట్టెలు, కొబ్బరాకులు, తాటాకులు, ఉల్లిపాయ తొక్కలు, టైలర్ షాపులో మిగిలిన గుడ్డముక్కలు పిల్లల ఇళ్ల నుంచే వచ్చేవి. కొన్నది రంగులు, మొన లేని కత్తెరలు, డ్రాయింగ్ షీట్లు.

నా వినతులు ఇవి. ఒక్కోదానికీ విడిగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను.

1. నగరంలోని ప్రతి శాఖా గ్రంథాలయంలో ఆదివారం ఉదయం ఒక గంట ఆరేళ్ల లోపు పిల్లలకు కేటాయిస్తూ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. మా దగ్గర వారం సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం గ్రంథాలయం ఎలాగూ తెరిచే ఉంటుంది. పరీక్షలకు చదివేవాళ్లకు ఇబ్బంది లేకుండా వరండా గానీ, మేడమీద గది గానీ, అదీ లేకపోతే పక్కనున్న మున్సిపల్ బడిలో ఒక గది గానీ చూడండి. ఆ గంట ఎప్పుడో తలుపు మీద రాసి పెడితే చదువుకునేవాళ్లూ దానికి తగ్గట్టు చూసుకుంటారు.

2. ఏడాదికి సరిపడా కథల పట్టిక ముందే వేయండి. ఇందులో పండుగలు ఉండాలి, పండుగలే ఉండకూడదు. సంక్రాంతికి బొమ్మల కొలువు కథ, ఫిబ్రవరిలో గుణదల ఉత్సవాలప్పుడు కొండ, దీపం, రంజాన్‌కు నెలవంక, వేసవిలో మామిడిపండు, ఏరువాకకు ఎద్దు, చవితికి పత్రి ఆకుల అచ్చులు, దసరాకు రంగులు, డిసెంబరులో నక్షత్రం. వీటి మధ్య ప్రతి నెలా పిల్లలు రోజూ చూసే వాటి కథలు రావాలి: చీమ, ఆటో, కాకి, ఇడ్లీ, వంతెన. పది ప్లాట్‌ఫాంల రైల్వే స్టేషన్ ఉన్న ఊరు మనది, అగ్గిపెట్టెల రైలు చేయని పిల్లవాడు ఉండకూడదు. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. అట్టపెట్టెతో ఏడు గేట్లు చేసి తలా ఒకటి ఎత్తుతుంటే అంకెలు వాటంతట అవే వస్తాయి. కొండపల్లి ఇక్కడికి దగ్గరే. తెల్లపొణికి చెక్కతో బొమ్మ చెక్కి, చింతగింజల పొడితో చేసిన జిగురుతో ముక్కలు అతికే కళాకారుల్ని ఏడాదికోసారి పిలిచి, వాళ్ల పనికి డబ్బు ఇచ్చి, పిల్లల ముందు కూర్చోబెట్టండి. 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కళ అది. మన పిల్లలు దాన్ని షాపు అద్దాల వెనకే చూస్తున్నారు.

ఒక్కో గంట ఎలా నడవాలో కూడా పట్టికలో ఉండాలి. నాకు కుదిరిన పద్ధతి చెబుతాను. ప్రతి వారం అదే పాటతో మొదలుపెట్టాలి, కొత్త పిల్లకు కూడా ఆ పాట వినగానే గంట మొదలైందని తెలియాలి. పొడుగు కథ ముందు, ఎందుకంటే వాళ్ల ఓపిక మొదట్లోనే ఉంటుంది. ఆ తర్వాత లేచి గెంతే ఆట. మళ్లీ ఒక చిన్న కథ. చివర చేతిపని, దానికి కనీసం ఇరవై నిమిషాలు. చేపల కథలో లాగా బొమ్మ ముందే కావాలంటే వరస మార్చుకోవచ్చు. ఒక్కో పెద్దమనిషికి ఎనిమిది మందికి మించి పిల్లలు ఉండకూడదు. తల్లో తండ్రో అమ్మమ్మో పక్కన కూర్చోవాలి, దించేసి వెళ్లిపోకూడదు.

3. పుస్తకాలు. మా శాఖలో పిల్లల పుస్తకాలు అద్దాల బీరువాలో, తాళం వేసి, నా తల ఎత్తులో ఉన్నాయి. మూడేళ్ల పిల్లకు పుస్తకం వెన్ను కనిపిస్తే సరిపోదు, అట్టమీది బొమ్మ కనిపించాలి. నేలకు మూరెడు ఎత్తులో, అట్ట ముందుకు కనిపించేలా ఒక చెక్క స్టాండ్ చేయించండి. చిరిగితే చిరుగుతుంది. పుస్తకం చిరగడం కంటే తాళంలో ఉండి చెదలు పట్టడం పెద్ద నష్టం. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, తులిక, మన మంచి పుస్తకం వాళ్లు తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దింపుకుని అచ్చు వేసుకోవచ్చు. కొత్తగా కొనేటప్పుడు మూడు నుంచి ఆరేళ్ల వయసుకు విడిగా ఒక లెక్క పెట్టండి. అది లేకపోతే ఆ డబ్బంతా పోటీ పరీక్షల గైడ్లకు పోతుంది.

4. చేతిపనికి ఒక పెట్టె, దాంతోపాటు జాగ్రత్తల కాగితం ఒకటి ప్రతి శాఖకూ ఇవ్వండి. జాగ్రత్తలు నేనే రాసి ఇస్తాను. మైదా ఉడికించి జిగురు చేసుకోవచ్చు, కానీ పుస్తకాలు అతికేవాళ్లలా అందులో మైలుతుత్తం కలపకూడదు, అది విషం, చిన్నపిల్లల వేళ్లు నోట్లోనే ఉంటాయి. గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా తేకూడదు, నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. పూసలు, చింతపిక్కలు ఐదేళ్లు దాటాకే. స్టాప్లర్ పిన్నులు, గుండుసూదులు అసలు వద్దు.

5. ఆరేళ్ల లోపు పిల్లల్ని కూడా లెక్కలోకి తీసుకోండి. సభ్యత్వం లేనివాళ్లు రిజిస్టర్‌లో కనిపించరు, రిజిస్టర్‌లో లేనివాళ్లకు పుస్తకం రాదు, పుస్తకం లేనిచోటికి వాళ్లు రారు. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెంపాలి. తల్లి లేదా తండ్రి పూచీ మీద పిల్ల పేరుతోనే కార్డు ఇవ్వండి. పేరు రాయడం రాకపోతే బొటనవేలు ముద్ర వేయిస్తాను, చేప పొలుసులు అద్దిన బొటనవేలే.

6. దగ్గర్లోని అంగన్‌వాడీ కేంద్రాలకు ఈ పట్టిక పంపండి. అక్కడి టీచర్లకూ, ఉత్సాహం ఉన్న గ్రంథపాలకులకూ కలిపి ఒక రోజు శిక్షణ పెట్టండి. కథ చదవడం, చెప్పడం వేరువేరు పనులు. రెండూ నేర్చుకుంటే వస్తాయి. నాలాంటి రిటైర్డ్ టీచర్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, పిలిస్తే జీతం అడగకుండా వస్తారు. కానీ మాలాంటివాళ్ల ఓపిక మీదే దీన్ని వదిలేయొద్దు. నాకు జ్వరం వస్తే ఆగిపోయేదాన్ని కార్యక్రమం అనలేం. ఇది గ్రంథాలయం పనిగా ఉండాలి, మేము సాయంగా ఉండాలి.

7. ఈ లేఖకు ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కాదంటే కాదని, కారణంతో రాయండి.

ఏటా వేసవిలో గ్రంథాలయాల్లో విజ్ఞాన శిబిరాలు పెడుతున్నారు, సంతోషం. కానీ అవి బడి పిల్లలకు, అదీ ఎండాకాలం సెలవుల్లోనే. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. మొదటి రోజు బాలల దినోత్సవం కూడా. ఆ రోజు వేదిక మీద పెద్దలు మాట్లాడతారు, పిల్లలు ఎండలో వరసల్లో కూర్చుని వింటారు. ఈసారి ఒక్క శాఖలోనైనా పెద్దలు కింద చాప మీద కూర్చుని, ఒక్క కథ పిల్లలకు చెప్పండి. కథల గంటను ఆ రోజు నుంచే మొదలుపెట్టి, వారోత్సవాలు అయ్యాక కూడా ఆపకుండా కొనసాగించండి.

ఈ లేఖ చదివే తల్లిదండ్రులకు ఒక మాట. మీ పేట గ్రంథాలయానికి వెళ్లి, మూడేళ్ల పిల్లకు చదివే పుస్తకం ఒకటి ఇవ్వమని అడగండి. ఉంటే ఇస్తారు. లేకపోతే లేదని సూచనల పుస్తకంలో తేదీ వేసి రాసి రండి. ఒక్క రిటైర్డ్ టీచరు అర్జీ కంటే ఇరవై మంది తల్లుల రాత బలంగా ఉంటుంది. పరీక్షలకు చదివే పిల్లలకూ ఒక విన్నపం. మీ చదువుకు అడ్డం రాకుండా ఆ గంట ఎప్పుడుంటే బాగుంటుందో మీరే చెప్పండి, మీరు చెప్పిన వేళకే నేను ఒప్పుకుంటాను.

చాప, రంగుల పెట్టె, మొన లేని పద్నాలుగు కత్తెరలు, పిల్లలు తీసుకెళ్లకుండా వదిలేసిన మూడు కళ్ల చేప నా దగ్గరే ఉన్నాయి. పన్నెండో వారానికి అనుకున్న కథ కాకిది. దానికి కావలసిన నల్ల కాగితం కూడా మార్చిలోనే కత్తిరించి పెట్టాను. ఏ ఆదివారం, ఎన్ని గంటలకు రమ్మంటారో రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
విజయవాడ